జారని పిడి

పన్నెండేళ్ళుగా ఒక నేరం నా లోపల ఉంది. ఇంట్లో చెప్పలేదు. దేవుడి ముందు కూడా నోరు రాలేదు. చదివే మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. ఒక మంచి కత్తికి చెడ్డపేరు వచ్చింది. తెచ్చింది నేను. ఆ కత్తి చేసినవాడు ఆ పేరు నిజమేననుకుని కన్నుమూశాడు.

నాది వడ్రంగి పని, బజారులో అందరూ ఆచారి అంటారు. డోన్ బజారులో కత్తులకూ కొడవళ్ళకూ కట్టె పిడులు వేసేవాణ్ణి. నాలుగు అంగళ్ళ అవతల దస్తగిరి సాయిబు కొలిమి. అతను కత్తి కొట్టేవాడు, నేను పిడి తొడిగేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలాగే జరిగింది. మా ఎండలకు ఎంత చేవ ఉన్న కట్టె అయినా ఎండి సన్నబడుతుంది. కత్తి తోక కదలకుండా లోపల కరిగించి పోసిన లక్క వదులవుతుంది. అది కట్టె గుణం, నా తప్పు కాదు. ఈ మాట అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

ఒక వేసవిలో ఒక గొర్రెల కాపరి పిడి ఊడిన కత్తి తెచ్చి కొలిమి ముందు పడేశాడు. దస్తగిరి ఆ పిడి బొక్కలోకి ఒంటికన్నుతో చూసి, బజారంతా వినేటట్టు అన్నాడు: "ఆచారి పిడులకు తాగించిన లక్కంతా మా మిద్దెకు పూసింటే, పోయిన వానకు కారకుండు కదప్పా!"

నవ్వినవాళ్ళు ఆరుగురు. వాళ్ళ పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను.

కొన్నాళ్ళకు అతను తడి బంకమట్టి ముద్ద పట్టుకుని నా అంగడికి వచ్చాడు. కత్తి పట్టుకున్నట్టు దీన్ని గట్టిగా పట్టుకో అన్నాడు. ఎందుకని అడిగితే ఊరికే అన్నాడు. పట్టుకున్నాను. నా వేళ్ళ అచ్చు పడిన ఆ ముద్దను పసిబిడ్డను మోసినట్టు రెండు చేతుల్లో మోసుకుపోయాడు.

నెల తిరక్కుండా ఆ ముద్ద మీది అచ్చు చూసి ఒక కత్తి చేశాడు. పాత రైలుపెట్టె స్ప్రింగు ఉక్కు. మొన నుంచి పిడి చివర దాకా ఒకటే ముక్క. అతుకు లేదు, లక్క లేదు, కట్టె లేదు. పిడి భాగాన్ని వెడల్పుగా సాగగొట్టి, నిలువునా లోపలికి మడిచి గొట్టంలా మూశాడు. అందుకే చూడటానికి బరువు, పట్టుకుంటే తేలిక. అరచేతి గుంటను నింపేచోట లావు, చిటికెన వేలి దగ్గర సన్నం, ఆ చివర మళ్ళీ చింతగింజంత ఉబ్బు. చూపుడువేలు ఆనడానికి ముందు చిన్న పల్లం, వేలు పదును మీదికి పోకుండా ఒక మెట్టు. అడుగున ఆకురాయితో గీసిన ఏటవాలు గీతలు. పట్టుకున్న క్షణాన తెలిసింది. అది నా పిడికిలి. నా చెయ్యి ఎక్కడ నొక్కుతుందో, ఎక్కడ వదులుతుందో, ఆ ఉక్కుకు తెలుసు.

మెచ్చుకోవాల్సింది. నాకు ఏమనిపించిందో చెబితే మీరు నమ్మరు. నన్ను తీసేయడానికి నా చేతినే వాడుకున్నాడనిపించింది. ఉక్కు పిడి జారుతుందని, ఎండకు చెయ్యి కాలుతుందని బజారంతా చెప్పాను. "ఎండలో కత్తి పారేసి నిద్రపోయేవానికి కాలాల్సిందేలేప్పా" అని అతను నవ్వాడు. మళ్ళీ నవ్వు.

నల్లమలలో వెదురు కొట్టించే మేస్త్రీ ఒకడు, తన కూలీలందరికీ ఆ కత్తులే చేయిస్తానని, ముందు తానే కొట్టి చూస్తానని కబురు పెట్టాడు. అతను వచ్చే రోజు శుక్రవారం. దస్తగిరి నమాజుకు పోతూ కత్తిని చూసుకోమని నా చేతికే ఇచ్చి పోయాడు. ఇంకెవరికి ఇస్తాడు?

ఉలులకు పూసే ఆముదం నా పక్కనే ఉంది. గుడ్డ ముంచి పిడికి రాశాను. గీతల్లోకి వేలితో ఎక్కించాను. పైపైన తుడిచాను. చూస్తే తెలియదు. కత్తి జారి కింద పడితే మేస్త్రీ నవ్వుతాడు, అది చాలు అనుకున్నాను. నిజంగా అంతేనా? చేతిలో కత్తి తిరిగితే ఏమవుతుందో బతుకంతా పిడులు చేసినవాడికి తెలియదా? 

దస్తగిరి వచ్చేసరికే మేస్త్రీ కత్తి అందుకుని చూస్తున్నాడు. దస్తగిరి కూర్చుని వెదురుబొంగును పట్టుకున్నాడు. నాలుగు దెబ్బలు బాగానే పడ్డాయి. ఐదోదానికి మేస్త్రీ చెయ్యి చెమర్చింది. కత్తి పక్కకు తిరిగింది. దస్తగిరి ఎడమచేతి చూపుడువేలు రెండో కణుపు దగ్గర తెగింది. పట్టకారు పట్టే చెయ్యి అది. మేస్త్రీ చేతిని పంచెకు తుడుచుకుని, "నున్నటి ఇనుము, యాడ నిలుస్తాది?" అని వెళ్ళిపోయాడు.

కట్టు కట్టింది నేనే. అప్పుడు మేమిద్దరం అనుకున్న మాటలు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"నువ్వు ముందే చెప్తివి ఆచారీ. కట్టె చెమట తాగుతాది. ఇనుము తాగదు."

"శానాసార్లు చెప్పింటి. వింటివా?"

"వినల్యా. నా కత్తిని నేనే శానా మెచ్చుకుంటి. ఇంగ చెయ్యను లేప్పా."

చెయ్యలేదు. మళ్ళీ కట్టె పిడులే, మళ్ళీ నా దగ్గరే. కొలిమిలో వేయడానికి మనసు రావడం లేదని ఆ కత్తిని ఆ రోజే, తాను ముట్టుకోకుండా, నన్నే తీసుకుపొమ్మన్నాడు. ఇంటికి తెచ్చి కుంకుడు రసంతో, బూడిదతో తోమాను. అప్పటినుంచి అది ఒక్కసారి జారలేదు. వానలో జిగురు కారే కిత్తనార మట్టలు కోశాను. చెమటతో మోచేతి దాకా తడిసి కంప కొట్టాను. పొద్దంతా పనిచేసినా అరచేతిలో బొబ్బ లేదు, మణికట్టులో నొప్పి లేదు. సిగ్గులేని మాట ఇంకొకటి చెబుతాను. ఆ తర్వాత నేను అమ్మిన కట్టె పిడులన్నీ ఆ ఉక్కు పిడి పట్టుకునే చెక్కాను.

ఎందుకు చెప్పలేదు? లక్క మాట నేను మరిచిపోలేదు. ఇప్పటికీ మరిచిపోలేదు, అబద్ధమాడను. కానీ డోన్‌లో అన్ని చేతులుండగా అతను నా చేతినే ఎందుకు ఎంచుకున్నాడు? పిడి పట్టడం ఎరిగిన చెయ్యి అదేనని కదా? ఈ ఆలోచన నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆ ఆరుగురి నవ్వును అడ్డం పెట్టుకుని తరిమేశాను.

పోయిన పీర్ల పండుగకు ముందు దస్తగిరి చనిపోయాడు. మట్టి వేస్తుండగా ఎవరో అన్నారు: "మంచి పనోడు. ఆ ఒక్క కత్తే కుదరల్యా." నా పక్కనే నిలబడి అన్నారు. అప్పుడూ నేను నోరు తెరవలేదు.

ఇప్పుడు తెరుస్తున్నాను. ఆ కత్తి కుదిరింది. నేను చూసినవాటిలో అంతకంటే బాగా కుదిరింది లేదు. పిడికి ఆముదం రాసింది నేను. అతని వేలు తెగింది నా వల్ల. క్షమించడానికి అతను లేడు. ఉండి ఉంటే అడిగేవాణ్ణో లేదో నాకే తెలియదు. ఈ మాటలు రాస్తూ రెండుసార్లు కలం పక్కన పెట్టాను. కానీ రాసింది కొట్టేయలేదు.