మామగారి కాటా, నా ముప్ఫై అడుగుల ట్రైలర్

నా జీవితంలో నేను చేసిన తప్పుల్లో ఎక్కువ భాగం నాకూ మా ఆవిడకూ మధ్యే ఉండిపోయాయి. ఒక్కటి మాత్రం టెక్సాస్ హైవే మీద, పట్టపగలు, గంటకు అరవై ఐదు మైళ్ళ వేగంతో జరిగింది. వెనక వస్తున్నవాళ్ళందరూ చూశారు. కొందరు కార్లు పక్కకు తీసి ఆపుకుని మరీ చూశారు. ఆ ఘోరం ఇప్పుడు చెబుతాను, కాస్త స్థిమితంగా కూర్చోండి.

2008లో మేం ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. నేను, మా ఆవిడ సునంద, ఎనిమిదేళ్ళ మా అమ్మాయి మేఘన. టెక్సాస్‌లో వెనక తొట్టి ఉన్న పికప్ ట్రక్ లేని మగవాడు చొక్కా లేకుండా పెళ్ళికి వెళ్ళినట్టు ఉంటాడని ఆఫీసులో ఎవరో అంటే, నేను 2005లోనే ఒక ట్రక్ కొన్నాను. దానితో అప్పటిదాకా మోసిన అతి పెద్ద బరువు ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన బియ్యం బస్తా. అంత గొప్ప బండికి అంత చిన్న పనా అని నాకు లోపల బాధగా ఉండేది. ఆ బాధ తీర్చుకోవడానికి ఒక సెకండ్ హ్యాండ్ క్యాంపింగ్ ట్రైలర్ కొన్నాను. ముప్ఫై అడుగుల పొడవు. అందులో వంటిల్లు, బాత్రూం, నలుగురికి మంచాలు, సోఫా. దాన్ని మొదటిసారి ఇంటి ముందు నిలబెట్టినప్పుడు వీధి సగం దాని నీడలో పడింది. నేను దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను.

అప్పుడు మా మామగారు వీర్రాజు గారు ఆరు నెలలకని మా ఇంటికి వచ్చి ఉన్నారు. ఆయన గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. అంటే చెరకు మోసుకొచ్చే ఎద్దుబళ్ళనీ, ట్రాక్టర్లనీ ముప్ఫై ఏళ్ళపాటు తూచి లోపలికి పంపిన మనిషి. మాట తక్కువ. ఏ వస్తువునైనా ముందు టైర్ల దగ్గర నుంచి చూడడం ఆయన అలవాటు.

మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి ఆరు గంటల దూరంలో అమరిల్లో దగ్గరున్న పాలో డ్యూరో లోయకు ప్రయాణం పెట్టాను. ఎక్సెల్ షీట్ వేశాను. ట్రక్ కంపెనీ పుస్తకంలో ఇది తొమ్మిది వేల పౌండ్లు లాగుతుందని ఉంది. ట్రైలర్ పుస్తకంలో దాని బరువు ఆరు వేల ఎనిమిది వందలు. ఇంకా రెండు వేల పౌండ్ల పైన మిగులు. ఆ మిగులు చూస్తే నాకు పూనకం వచ్చింది. జనరేటర్ ట్రక్ తొట్టిలోకి ఎక్కించాను. కట్టెలు ఎక్కించాను. లోయలో నీళ్ళుంటాయో లేదోనని సునంద అంటే, ట్రైలర్ వెనక భాగంలో ఉన్న ట్యాంకు అంచుదాకా నింపాను. పుస్తకంలో రాసింది ఖాళీ ట్రైలర్ బరువని, లోపల పెట్టినవన్నీ దానికి కలుస్తాయని నాకు తోచలేదు. పదిహేనేళ్ళుగా కంప్యూటర్లకు లెక్కలు నేర్పుతున్నవాణ్ణి మరి.

బయల్దేరే ఉదయం మామగారు కాఫీ గ్లాసుతో బయటికి వచ్చి ట్రక్ ముందు చక్రాల దగ్గర గొంతుక్కూర్చున్నారు.

"అల్లుడు గారూ, ముందు చక్రాలు తేలుతున్నాయి, చూశారా?"

చూశాను. ట్రక్ వెనక భాగం నేలకు కుంగి, ముక్కు ఆకాశం వైపు లేచి ఉంది. పీట మీద కూర్చోబోతూ మధ్యలో నడుం పట్టేసిన పెద్దమనిషిలా ఉంది.

"పర్వాలేదండీ మామయ్య గారూ. ఇది తొమ్మిది వేల పౌండ్లు లాగుతుంది."

"లాగడం సరేనండి. మోయడం ఎంత మోస్తుంది?"

లాగడం వేరు, మోయడం వేరు అని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో లేను. అయినా ఆయన మాట కాదనలేక సామాను సర్దాను. జనరేటర్, కట్టెలు, బియ్యం, కూలర్లు అన్నీ తీసుకెళ్ళి ట్రైలర్ చిట్టచివర పెట్టాను. అరగంటలో ట్రక్ తిన్నగా నిలబడింది. నేను చేతులు దులుపుకున్నాను.

"ఇప్పుడు బాగుంది కదండీ."

"చూపుకి బాగానే ఉందండి." ఆయన వంగి, ట్రైలర్ ముందు నుంచి పొడుచుకొచ్చి ట్రక్‌కి తగిలించి ఉన్న ఇనుప దూలాన్ని అరచేత్తో తట్టారు. "ఇందాక ఎద్దు మెడ మీద బరువెక్కువైంది. ఇప్పుడు బండి వెనక్కి మొగ్గి మెడతాడు బిగిసింది. రెంట్లో ఏదైనా ఎద్దు నడవదండి."

"ఇది ఎద్దుల బండి కాదు కదండీ. ఈ ఇంజిన్‌ది మూడు వందల గుర్రాల బలం."

"గుర్రమైనా అంతేనండి," అని ఆయన కాఫీ గ్లాసు లోపల పెట్టడానికి వెళ్ళిపోయారు.

విచిటా ఫాల్స్ దాటేదాకా అంతా వైభవంగా సాగింది. ఆ తర్వాత నేల బల్లపరుపుగా మారి, చెట్లు మాయమై, గాలి మొదలైంది. పశ్చిమ టెక్సాస్ గాలికి అడ్డం ఏమీ ఉండదు. మా ఎడమ నుంచి పద్దెనిమిది చక్రాల లారీ ఒకటి మమ్మల్ని దాటింది. అది దాటుతున్నప్పుడు ట్రక్‌ని ఎవరో వెనక నుంచి భుజం పట్టి కదిపినట్టయింది. అద్దంలో చూశాను. ట్రైలర్ ఎడమ పక్క కనిపించింది. ఇటు అద్దంలో చూశాను. ఇటూ కనిపించింది. ఒక్క ట్రైలర్ రెండు అద్దాల్లోనూ వంతులవారీగా కనిపించడం ఎంత దివ్యమైన దృశ్యమో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. మూడున్నర టన్నుల ఇల్లు నా వెనక నాట్యం చేస్తోంది, నా చేతిలో ఉన్న స్టీరింగ్‌కి దానితో ఏ సంబంధమూ లేదు.

వెనక సీట్లోంచి మేఘన తీరిగ్గా అంది. "డాడీ, అవర్ ట్రైలర్ మనల్ని ఓవర్‌టేక్ చేస్తుంది."

సునంద కూతురి మీద చెయ్యి అడ్డంగా వేసి పట్టుకుంది. అది అద్దంలో చూసి నాకు ప్రాణం పోయింది. కాలు బ్రేక్ మీదికి వెళ్ళింది.

"బ్రేకు తొక్కకండి," అన్నారు పక్క సీట్లోంచి మామగారు. ఆయన గొంతు పెరగలేదు. "చక్రం తిన్నగా పట్టుకోండి. అటూ ఇటూ తిప్పకండి. కాలు తీసెయ్యండి. దానంతటది ఆగనివ్వండి."

"ఆగట్లేదండీ."

"ఆగుద్ది. కాలవ గట్ల మీద చెరకు ట్రాక్టర్లు ఇలాగే ఊగేయి. బ్రేకు తొక్కినోళ్ళు కాలవలోకి పోయారు, తొక్కనోళ్ళు నా కాటా దగ్గరికి వచ్చారు. మీరు కాటా దగ్గరికి రండి."

కాలు తీశాను. అరవై, యాభై, నలభై. ట్రైలర్ ఊపు తగ్గింది. ముప్ఫైకి వచ్చేసరికి బుద్ధిగా వెనక నిలబడింది. రోడ్డు పక్కన ఆపాక నా వేళ్ళు స్టీరింగ్ నుంచి ఊడి రాలేదు. మామగారే ఒక్కొక్కటీ విడదీశారు.

అక్కణ్ణుంచి ముప్ఫై ఐదు మైళ్ళ వేగంతో పాకుతూ, అమరిల్లో దగ్గర లారీలు ఆగే ఒక పెద్ద బంకుకి చేరాం. అక్కడ లారీల్ని తూచే కాటా, వేబ్రిడ్జి ఉంది. దాన్ని చూడగానే మామగారి మొహం వెలిగింది. స్టాట్యూ ఆఫ్ లిబర్టీ ఫొటో చూసినప్పుడు కూడా ఆయన మొహంలో ఆ వెలుగు లేదు.

మా వెనక వరసలో లారీ ఆపుకుని ఒకావిడ దిగి వచ్చింది. డెబ్భై దగ్గర వయసు, నెరిసిన జడ, పేరు డోరిస్. మా బండి వాలకం చూసి నేరుగా నా డ్రైవర్ తలుపు తీసి, అంచున అంటించి ఉన్న పసుపు స్టిక్కర్ మీద వేలు పెట్టింది.

"ఇది ఎప్పుడైనా చదివావా?"

"లేదండీ."

"ఎన్నాళ్ళుగా ఈ తలుపు తీస్తున్నావు?"

"మూడేళ్ళుగా."

మనుషులూ సామానూ కలిపి ట్రక్ మీద పద్నాలుగు వందల పౌండ్లు మించకూడదని అక్కడ రాసి ఉంది. ట్రైలర్ ముక్కు ట్రక్ మీద మోపే బరువు కూడా అందులోకే వస్తుందని డోరిస్ చెప్పింది. ట్రైలర్ బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ఆ ముక్కు మీద ఉండాలట. తగ్గితే ఊగుతుంది, పెరిగితే ట్రక్ కుంగుతుంది. ఆవిడ ఇంగ్లీషు మాటలు నేను తెలుగులో మామగారికి చెప్పాను. చెబుతున్నకొద్దీ నా గొంతు సన్నబడింది.

"ఔనండి, మెడ బరువు," అన్నారాయన.

ఆ తర్వాత ఆయన బండి చుట్టూ ఒకసారి నడిచారు. టైర్లు నొక్కారు. వంగి చక్రాల మీది కమాను కట్టలు చూశారు. "మొత్తం అన్నీ కలిపి, మనతో సహా, ఆరు టన్నుల మూడు వందల కిలోలండి," అన్నారు.

కాటా ఎక్కించాం. చీటీ వచ్చింది. పదమూడు వేల తొమ్మిది వందల ఇరవై పౌండ్లు. సెల్‌ఫోన్‌లో కిలోల్లోకి మార్చాను. ఆరు వేల మూడు వందల పద్నాలుగు.

 డోరిస్ టోపీ తీసింది. "ఈయన ఏ కంపెనీకి లారీ నడిపారు?" అని అడిగితే నేను తెలుగులో చెప్పాను.

"నేను నడపలేదమ్మా, తూచాను," అన్నారు మామగారు. ఆయనకు మాత్రం తృప్తి లేదు. "పద్నాలుగు కిలోలు తేడా వచ్చింది. ఎలా వచ్చిందంటారు?"

 సునంద చెప్పులు చూసుకుంది. "నాన్నా, మంచం కింద వెట్ గ్రైండర్ ఉంది. నేనే పెట్టాను. దోసెలకి."

"అదీ సంగతి," అని ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

ట్యాంకులో నీళ్ళు వదిలేశాం. కట్టెలూ జనరేటరూ డోరిస్‌కే ఇచ్చేశాం. మిగిలినవి ముందుకు జరిపాం. ఆ లోయలోకి దిగే రోడ్డు నిలువు వాలు. నేను నా ఎక్సెల్ షీట్‌ని నమ్మి అలాగే దిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించను. ట్రైలర్‌ని పైన చదును నేల మీద ఒక క్యాంప్ గ్రౌండ్‌లో పెట్టి, ఖాళీ ట్రక్‌తో కిందికి వెళ్ళాం. అప్పటిదాకా గోధుమరంగు మైదానం, ఒక్కసారిగా నేల చీలి ఎర్రటి గోడలు. అడుగున ఒక్క అంగలో దాటేయగలిగినంత సన్నటి ఏరు. ఆ ఏరే ఇంత పనీ చేసిందని మేఘన బోర్డు చదివి చెప్పింది. 

మూడో రోజు తిరుగు ప్రయాణం. మళ్ళీ కాటా, మళ్ళీ లెక్క. స్టిక్కర్ మీది అంకెకు ఇంకా అరవై పౌండ్లు ఎక్కువ. సామాను ఇక తీయడానికి లేదు. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత అందరూ నన్ను చూశారు. నా బరువు అప్పుడు రెండు వందల ఇరవై.

"నేను అరవై పౌండ్ల మేరకే దిగడం కుదరదు కదా," అన్నాను.

"పూర్తిగా దిగండి," అంది సునంద, తాళం చెవికి చెయ్యి చాపి.

అమరిల్లో బస్టాండులో నన్ను దింపేసి వాళ్ళు వెళ్ళిపోయారు. రెండు గంటల తర్వాత దొరికిన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం హైవే మీద ముందు నెమ్మదిగా వెళుతున్న ఒక తెల్లటి ట్రైలర్ కనిపించింది. మాదే. మా బస్సు గాలిని చీల్చుకుంటూ దాన్ని దాటింది. ట్రైలర్ వెంట్రుకవాసి కదల్లేదు. గీత గీసినట్టు వెళుతోంది. సునంద రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తోంది. పక్కన మామగారు నిద్రపోతున్నారు. ఆయన నా పక్కన కూర్చున్నప్పుడు ఒక్క క్షణం కూడా కళ్ళు మూయలేదు.

నా పక్క సీట్లో కౌబాయ్ టోపీ పెట్టుకున్న ముసలాయన కిటికీలోంచి మెచ్చుకోలుగా చూశాడు. "ఎంత చక్కగా లాగుతున్నారో చూడు. ఆ నడిపేవాళ్ళకి పని తెలుసు."

"ఆవిడ నా భార్యండీ," అన్నాను గర్వంగా.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మరి నువ్వు ఈ బస్సులో ఏం చేస్తున్నావు?"

"బరువెక్కువయ్యాను," అన్నాను.

ఆ సీట్లోనే, ఆ ముసలాయన సాక్షిగా, కుడి చెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట కన్నతల్లి చెప్పినా, కంపెనీ పుస్తకం చెప్పినా, తలుపు అంచు చదవనిదే ఏ బండి వెనకా ఏదీ తగిలించను. సైకిల్ వెనక బుట్ట కూడా తగిలించను.