తెల్ల ఏప్రాన్ల కారణం

కాజాలక్క ఒక్క ప్రశ్నతో మూడంతస్తుల కుట్టు ఫ్యాక్టరీని కూల్చేసింది. సరే, కూల్చలేదు. భవనం ఇవాళ్టికీ నిలబడే ఉంది, మూడో అంతస్తు కూడా ఈ కథ చెప్పేవాళ్ళు కట్టిందే. యజమాని ముఖం కూలిన మాట మాత్రం నిజం.

చొక్కాలకు కాజాలు కుట్టడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా అదే మిషను. అందుకే ఊరికే కూర్చున్నా కుడికాలు పెడల్ తొక్కుతూనే ఉంటుంది. విచారణ రోజున ఆఫీసు గది బయట బల్ల మీద గంటసేపు అలా లేని పెడల్ తొక్కింది. లేచింది, నీళ్ళు తాగింది, కూర్చుంది, మళ్ళీ లేచింది.

"కాస్త కుదురుగా కూర్చో తల్లీ, బల్ల నడిచిపోతోంది," అన్నాడు పక్కనున్న స్టోరు గుమాస్తా.

ఆమె చేతిలో ఒక కాగితం నలుగుతోంది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని దాని మీద సంతకం పెడితే ఉద్యోగం ఉంటుందని మేనేజరు పొద్దున్నే చెప్పాడు. పెట్టకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

ఫిర్యాదు కటింగ్ మాస్టరు మీద. గుడ్డ మీద గీతలు గీసే సుద్ద ఎప్పుడూ అతని వేళ్ళకు అంటుకునే ఉంటుంది. కుట్టు చూసే నెపంతో మిషన్ల సందులో తిరుగుతూ ఆడవాళ్ళ వీపు మీద, నడుము మీద చెయ్యి వేసేవాడు. నీలం ఏప్రాన్ల మీద అయిదు వేళ్ళూ అచ్చు పడేవి. సాయంత్రం గేటు దాటేముందు ఒకరి వీపు ఒకరు దులుపుకునేవారు. ఇంట్లో అడిగితే ఏం చెప్పాలి? కిందటేడు ఒక పిల్ల దులుపుకోకుండా నేరుగా యజమాని గదికి వెళ్ళింది. వారం తిరక్కుండా ఆ పిల్ల పని పోయింది, మిగతా అందరికీ తెల్ల ఏప్రాన్లు వచ్చాయి.

లోపలికి పిలిచారు. కార్మిక శాఖ నుంచి వచ్చిన అధికారిణి ముందు కాజాలక్క సంతకం లేని కాగితం పెట్టింది.

"వాడు చేస్తే వాడే అనుభవిస్తాడు మేడమ్. నాకేం తెలుసు? ఇలాంటిది వినడం ఇదే మొదలు," అన్నాడు యజమాని.

"తెలియకపోతే అదొక సంగతి. తెలిసీ ఊరుకుంటే చట్టం ముందు మీరూ జవాబుదారే," అందామె.

కాజాలక్క మడమ నేలను కొడుతూనే ఉంది. "అయ్యగారూ, మరి ఏప్రాన్ల రంగెందుకు మార్చినట్టు?"

"మాసిపోతున్నాయని."

"మాసేవాటికి తెలుపా? అది ఎన్నాళ్ళుంటుందో ఉతికేదాన్ని, నన్నడగండి."

అధికారిణి ఏప్రాన్ల ఫైలు తెమ్మంది. స్టోరు గుమాస్తాకు ఒక జబ్బుంది. కారణం రాయనిదే సూది కూడా ఇవ్వడు. ఫైల్లో ఏప్రాన్లు తెప్పించిన కాగితం మీద, కారణం గడి నిండా అతని గుండ్రటి అక్షరాలు: "నీలం మీద మాస్టరుగారి చేతి సుద్ద కనబడుతోందని ఒక అమ్మాయి ఫిర్యాదు చేసినందున." కింద యజమాని సంతకం.

"ఇలా ఎవరు రాయమన్నారయ్యా నిన్ను?" అన్నాడు యజమాని గుమాస్తాతో.

"మీరు చెప్పిందే రాశానండీ. కారణం లేనిదే స్టోరు తలుపు తీయొద్దన్నదీ మీరే."

మాస్టరు పని పోయింది. తెలియదన్న మాట చెల్లక యజమాని కూడా కోర్టు మెట్లెక్కాడు. తీసేసిన పిల్ల తిరిగి వచ్చింది.

ఇదంతా నిజమేనా అని కాజాలక్కనే అడిగితే, మిషను ఆపకుండానే అంటుంది: "ఒట్టి కోతలు. ఆ రోజు నాకు జ్వరం, పనికే రాలేదు. పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డొస్తున్నావు."