రాణి హిమజ చావు

శాలేమురాజు బాపట్లలో ఇంజినీరింగు రెండో ఏడాదిలోనే వదిలేశాడు. తర్వాత తెనాలిలో సెల్‌ఫోన్ల కొట్టులో చేరాడు, కొరియర్ సంచీ మోశాడు. ఎక్కడ చేరినా ఎవరో ఒకరిని మొహమ్మీదే ఏదో అనేసి బయటికొచ్చేవాడు. ఈసారి దొరికిన పనిని మాత్రం పోగొట్టుకోదల్చుకోలేదు.

రేపల్లెలో ఉండే కనకలక్ష్మి టీచరు గారు ఒకప్పుడు వారపత్రికలో ఏళ్ల తరబడి మాయాద్వీపాల కథ రాశారు. తర్వాత అది పన్నెండు భాగాల పుస్తకంగా వచ్చింది. హైదరాబాదు కంపెనీ ఒకటి దాన్ని టీవీకి తీయడానికి హక్కులు కొంది. ఆ ఆఫీసులో పన్నెండూ చదివినవాళ్లు లేరు. చిన్నప్పుడే అద్దె పుస్తకాల కొట్టులో అన్నీ నమిలేసిన శాలేమురాజుకి, కథని ఎనిమిది ఎపిసోడ్లకి కుదించే పని అప్పజెప్పారు. టీచరు గారు ఒప్పుకుని సంతకం పెడితేనే అది నిలుస్తుంది.

ఆవిడ వరండాలో కూర్చుని అతను తను రాసింది చదివి వినిపిస్తుంటే ఆవిడ మధ్యలో ఆపింది.

"ఏడుగురు అన్నదమ్ములుండాలి కదా. ఆరుగురేరి?"

"తీసేశానండి. ఏడుగురూ ఒకేలా మాట్లాడతారు. ఒకడు చాలు."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఆవిడకి కోపం రాలేదు.

"పదో తరగతి పేపర్లు దిద్దే రోజుల్లో కొత్తగా ఏం తోస్తుంది నాయనా? పత్రికవాళ్లు ఆగరు. పెద్దాడన్నది చిన్నాడి చేత మళ్లీ అనిపించేదాన్ని. జనమేమో అన్నదమ్ముల అనురాగమని మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు."

ఆ తర్వాత పేపర్లు దిద్దుతూ రాసిన ప్రకరణాలన్నీ తనే వెతికి చూపించి మరీ కొట్టేయించింది. శాలేమురాజుకి ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆరో ఎపిసోడ్ వచ్చింది. పుస్తకంలో రాణి హిమజ తన పడవని జనానికిచ్చేసి వరదలో పోతుంది. ఇతని రాతలో ఒడ్డుకి చేరింది.

"ఇది నీకు నచ్చే రాశావా?"

లేదన్నాడు. పెద్ద హీరోయిన్ని మాట్లాడారని, రెండో సీజన్‌కి కూడా ఆమె కావాలని కంపెనీ నిర్మాత శ్రీవత్స గారు పట్టుబట్టారని చెప్పాడు.

"నా మొహమ్మీదే ఏడుగురూ ఒకేలా మాట్లాడతారన్నావు. ఆయన దగ్గర నోరు పెగల్లేదా?"

శాలేమురాజు మెట్లు దిగి, కొబ్బరిచెట్టు కింద నిలబడి ఫోన్ చేశాడు. రాణి బతికితే తర్వాతి భాగాల్లో యుద్ధానికి కారణమే ఉండదని, తను అలా రాయలేనని చెప్పాడు. అవతల శ్రీవత్స చాలాసేపు విసుక్కున్నాడు. నీలాంటివాళ్లు వందమంది దొరుకుతారన్నాడు. చివరికి, రాణి పోతే సీజన్‌ని ఎవరు లాగుతారని అడిగాడు.

"ఆమె చెల్లెలుందండి. పగ తీర్చుకునేది ఆవిడే."

అయితే రాణి పోయే సీను, చెల్లెలు పగబట్టే సీను రెండూ రాసి పంపమన్నాడు. నచ్చకపోతే ఇంకొకడికిస్తానన్నాడు.

వరండాలోకి తిరిగొచ్చి జరిగింది చెప్పి, ఇంటికెళ్లి రాస్తానని శాలేమురాజు సంచీ సర్దుకోబోయాడు. టీచరు గారు కూర్చోమంది. రాణి చేత చచ్చేముందు ఉపన్యాసం ఇప్పిస్తాడేమోనని ఆవిడ భయం. అతను కాగితాలు ఒళ్లో పెట్టుకుని అక్కడే రాయడం మొదలుపెట్టాడు.