రెండో డమ్మీ

ఈ డమ్మీ తూటాలో మందు లేదు. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ఇన్నేళ్లుగా దీన్ని మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

కెనడాలో ఎడ్మంటన్ శివార్లలో పోటీ షూటర్లకు రైఫిళ్లు చేసే చిన్న షాపులో నాది కొలతల పని. బుల్లెట్‌ను తూటాలో ఎంత లోతుకు దించాలి, దానికి తగ్గట్టు బ్యారెల్‌లో థ్రోట్, అంటే బుల్లెట్ కూర్చునే సందు, ఎంత పొడవు కోయాలి. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. ఎవరూ నేర్పలేదు. పాడుచేసిన ముక్కల మీద, ఒక నోటుబుక్కుతో, పదిహేనేళ్లు నేర్చుకున్నాను.

ఏ బస్సెక్కినా మన విద్యార్థులే కనిపించే రోజుల్లో ఆమె వచ్చింది. కరీంనగర్ అమ్మాయి, మాస్టర్స్ ముగించి వర్క్ పర్మిట్ మీద ఉంది. నాకు మూడు రోజులు పట్టే లెక్క ఆమె ల్యాప్‌టాప్‌లో మధ్యాహ్నానికల్లా తేలేది. నెల తిరిగేసరికి ఓనర్ నా బల్ల దాటి ఆమె దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. నాలుగడుగుల దూరం. అదీ లెక్కపెట్టాను. ఓసారి నా నోటుబుక్కులో తప్పు కనిపిస్తే, ఓనర్ బయటికి వెళ్లేదాకా ఆగి, పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి చూపించింది. అతని ముందే చెప్పి ఉంటే అంత మండేది కాదేమో. నన్ను కాపాడే స్థాయికి ఆమె చేరిందన్నదే నాకు మింగుడుపడలేదు.

పీఆర్, అంటే కెనడాలో శాశ్వత నివాసం కోసం ఆమెకు ఫుల్‌టైమ్ జాబ్ లెటర్ కావాలి. ఒక రైఫిల్ పూర్తిగా ఆమె లెక్కతో తయారయ్యాక ఇస్తానన్నాడు ఓనర్.

కస్టమర్ తనకు కావలసిన పొడవులో మందులేని తూటా ఒకటి నమూనాగా పంపుతాడు. దాన్ని బట్టి థ్రోట్ కోస్తాం. ఆమెకు అప్పగించిన రైఫిల్ కస్టమర్ మనసు మార్చుకుని ఇంకాస్త పొట్టిది, రెండో డమ్మీ పంపాడు. పార్శిల్ విప్పింది నేను. పాతది ట్రేలో అలాగే ఉంది. కొత్తది నా సొరుగులోకి వెళ్లింది. వెళ్లింది అని రాస్తున్నాను, చూడండి. నేను పెట్టాను.

కోతకు ముందు ఆమె అడిగింది.

"అంకుల్, కస్టమర్ లాస్ట్ పంపింది ఇదేనా? ఒక్కసారి కోసినంక మళ్ల వెనక్కి రాదు గదా."

"అదేనమ్మా. కానియ్."

కోసే పనిముట్టు నాలుగుసార్లు లోపలికి వెళ్లి వచ్చింది. ఆపడానికి నాలుగు అవకాశాలు. నాలుగుసార్లూ చూస్తూ నిలబడ్డాను.

సందు పొడవైపోయింది. రెండోది పంపాను కదా అన్నాడు కస్టమర్. ఓనర్ నావైపు చూశాడు. ఆమెకే ఇచ్చానన్నాను. ఆమె కూడా నావైపు చూసి, ల్యాప్‌టాప్ మూసేసింది. అంకుల్ మరిచిపోయి ఉంటాడనుకుందా? లేక తెలిసిపోయిందా? జాబ్ లెటర్ రాలేదు. దూరంగా విండ్సర్ అనే ఊరికి వెళ్లిపోయిందని విన్నాను. తర్వాత ఏమైందో కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం లేదు.

ఉద్యోగం పోతుందన్న భయం వల్లే చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నా ఉద్యోగానికి ఏ ముప్పూ లేదు. అది అసూయ.

పాడైన బ్యారెళ్ల రిజిస్టర్‌లో, కారణం దగ్గర, ఆమె పేరు నా చేతిరాతతోనే ఉంది. అక్కడ ఇప్పటికీ దిద్దలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఆమె లెక్క వెయ్యో వంతు కూడా తప్పలేదు. సరైన డమ్మీ దాచింది నేను.