ఉడుముకు గొంతిచ్చిన యసవతి

లంకలోని అంబలంగొడలో బొమ్మలాట ఆడే కుటుంబాల్లో తాళ్లు పట్టేది మగవాళ్లు, పాడేదీ మగవాళ్లే. ఆడవాళ్లు బొమ్మలకు బట్టలు కుట్టాలి. కార్నెలిస్ కూతురు యసవతి కూడా చిన్నప్పటి నుంచి ఆ పనే చేసింది. కాకపోతే కుడుతూ కుడుతూ బొమ్మలతో తగువు పెట్టుకునేది. "నీ పొట్టకు ఇంకెంత గుడ్డ తేవాలి?" అని రాజు బొమ్మను తనే తిట్టి, రాజు గొంతుతో తనే జవాబు చెప్పేది. తల్లి అది విని, "దీని మొగుడు మూడో రోజుకే పారిపోతాడు" అనేది.

పెళ్లయింది, మొగుడు పారిపోలేదు. కూతురు నిరోషా పుట్టిన మరుసటి ఏడు కొలంబో టీవీ వాళ్లు కార్నెలిస్‌కు కబురు పెట్టారు. గురువారం సాయంత్రం పిల్లల కోసం అరగంట బొమ్మలాట ఆడాలి. లంకకు టీవీ అప్పుడప్పుడే వచ్చింది. వీధికొక పెట్టె ఉంటే గొప్ప. కార్నెలిస్ ఆ ఆట కోసం కొత్త బొమ్మ చెక్కాడు: తికిరి అనే ఉడుము. ఒట్టి సోమరి, తిండిపోతు.

తొలి ఆట రోజు కార్నెలిస్ గొంతు కఫంతో మూసుకుపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. బట్టలు సర్దడానికి వెంట వెళ్లిన యసవతి వైపు చూసి, "నువ్వు మాట్లాడు" అని సైగ చేశాడు. ఆట నేరుగా ప్రసారమవుతోంది. ఆలోచించుకునే వ్యవధి లేదు. అడిగినవాడికల్లా నడుము నొప్పి అని చెప్పే పెద్దమామ ఒకడున్నాడు ఆమెకు. ఆయన ముక్కుగొంతు అరువు తెచ్చుకుంది. తికిరి కితుల్ చెట్టు బెల్లం దొంగిలించి దొరికిపోయే ఘట్టం వచ్చేసరికి ఆమె నోటి నుంచి దానంతటదే ఒక మాట ఊడిపడింది: "నాదేం తప్పు లేదు, అంతా ఈ తోకదే."

మర్నాటికి ఊళ్లో పిల్లలంతా అదే మాట. కుండ పగిలినా, లెక్క తప్పినా తోకదే తప్పు. ఒక పంతులుగారు విసిగిపోయి, "రేపటి నుంచి ఎవరి తోక వాళ్లు ఇంట్లో పెట్టి రండి" అన్నారట.

కార్నెలిస్ గొంతు బాగుపడ్డా తికిరిని మళ్లీ కూతురి నోట్లోంచి లాక్కోలేదు. ఎనిమిదేళ్లు యసవతి ప్రతి బుధవారం కొలంబో రైలెక్కింది, శుక్రవారం తిరిగొచ్చి ఊళ్లో దిగింది. తెర మీద మాత్రం కార్నెలిస్ బృందం అనే పేరే పడేది. ఆమె పట్టించుకోలేదు.

పట్టించుకున్నది నిరోషా. గురువారం సాయంత్రం వీధి పిల్లలంతా టీవీ ఉన్న ఇంటికి పరిగెడితే, ఆ పిల్ల వంటింట్లో అమ్మమ్మ పక్కన కూర్చుని కొబ్బరి కోరేది. "మీ అమ్మ వస్తోందే, రావే" అని పిలిస్తే, "అది మా అమ్మ కాదు, ఉడుము" అనేది. ఒక్క ఆట కూడా చూడలేదు.

తర్వాత విదేశాల నుంచి కార్టూన్లు వచ్చాయి, బొమ్మలాట ఆగిపోయింది. రికార్డు చేసిన కొద్దిపాటి టేపుల మీద వేరే కార్యక్రమాలు ఎక్కించేశారు. సముద్రం ఊళ్లోకి వచ్చిన ఏడు ఇంటి వెనుక గది, అందులోని బొమ్మల పెట్టె కొట్టుకుపోయాయి. మనుషులు మిగిలారు, అదే చాలనుకున్నారు. యసవతి మిషను కొనుక్కుని బడిపిల్లల యూనిఫాంలు కుట్టసాగింది. తికిరి మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

అరవై ఏడో ఏట ఆమె కుడికంటికి శుక్లం తీశారు. కొలంబో నుంచి తిరుగు రైల్లో నల్లద్దాలు పెట్టుకుని నిరోషా భుజం పట్టుకు కూర్చుంది. మధ్యాహ్నం వాన కుమ్మేస్తోంది. పట్టాల మీద ఎక్కడో కొబ్బరిచెట్టు పడిందని వాదువ దాటాక రైలు ఆపేశారు. కిటికీలన్నీ దించేయడంతో పెట్టెలో ఉక్క. ఎదుటి సీట్లో మూడేళ్ల పిల్ల ఏడుపు అందుకుంది. తల్లి బిస్కట్ ఇచ్చింది, ఫోను ఇచ్చింది. పిల్ల రెండూ విసిరేసింది.

"ఎందుకమ్మా ఫోను కింద పడేశావ్?" అని తల్లి గదమాయించింది.

యసవతి ముందుకు వంగింది. "నాదేం తప్పు లేదు," అంది ముక్కుతో, "అంతా ఈ తోకదే."

పిల్ల ఏడుపు ఆపి నల్లద్దాల ముసలమ్మను గుడ్లప్పగించి చూసింది. అంతకంటే వింత, పెట్టెలో మాటలన్నీ ఆగిపోయాయి.

తలుపు దగ్గర పెరుగు ముంత పట్టుకు నిలబడ్డ లావుపాటి మనిషి అడిగాడు. "అక్కా, ఇప్పుడు మాట్లాడింది ఎవరు?"

"ఎవరో ఉడుము," అంది యసవతి.

"తికిరి కదూ," అన్నాడాయన. "అక్కా, నువ్వా తికిరివి? మగమనిషి అనుకున్నామే."

అంతే, వెనక సీట్లవాళ్లు లేచి వచ్చేశారు. అందరూ నలభై దాటినవాళ్లే. ఒకామె బెల్లం దొంగతనం చెప్పబోతే, ఇంకొకామె అది బెల్లం కాదు పనసపండని అడ్డుపడింది. తికిరి పెళ్లిచూపులకు వెళ్లి నిద్రపోయిన ఆటను ఒకాయన నటించి చూపించాడు. ఇంతలో రంగు దగ్గర గొడవ వచ్చింది.

"ఆకుపచ్చగా ఉండేవాడు," అంది ఒకామె.

"కాదు, పసుపు. నాకు బాగా గుర్తు," అన్నాడు పెరుగు ముంత ఆయన.

"మీ ఇంట్లో రంగుల టీవీ ఉండేదా?" అడిగింది యసవతి.

ఆయన కాస్త ఆలోచించి, "లేదు," అన్నాడు. "అసలు మా ఇంట్లో టీవీనే లేదు."

"ఎరుపు. రాకాసి బొమ్మకు వేయగా మిగిలిన రంగు పూశాడు నాన్న," అంది యసవతి. పెట్టె మొత్తం నవ్వింది. పచ్చ అన్నామె మాత్రం ఒప్పుకోలేదు. "నాకైతే పచ్చే," అని గొణిగింది.

నిరోషా తన భుజం మీదున్న తల్లి చేతిని పట్టుకుని అంతా వింది. రైలు కదిలి, జనం ఎవరి సీట్లలో వాళ్లు కూర్చున్నాక మెల్లగా అడిగింది.

"ఆ పెళ్లిచూపుల్లో నిద్రపోయాక ఏమైందమ్మా?"

"నీకెందుకే? నువ్వు చూసేదానివే కాదుగా."

"చూడలేదు కాబట్టే అడుగుతున్నా. వీళ్లందరికీ వారానికి అరగంట నువ్వు దొరికేదానివి. నాకు ఆ రెండు రాత్రులూ దొరికేదానివి కావు."

యసవతి అద్దాలు సర్దుకుంది. "తెలుసు. వచ్చేటప్పుడు నీకని కొలంబో నుంచి ఏదో ఒకటి తెచ్చేదాన్ని. నువ్వు విప్పేదానివి కాదు. అయినా వెళ్లడం మానలేకపోయాను నిరోషా. అక్కడ నాకు బాగుండేది."

"నిజం చెప్పావు, సంతోషం," అంది నిరోషా. "సరే, నిద్రపోయాక?"

అంబలంగొడ వచ్చేదాకా యసవతి చెబుతూనే ఉంది.

కన్ను మానిన నెలకు వాళ్లిద్దరూ కొత్త తికిరిని చేయించుకోవడానికి మాస్కులు చెక్కే జినదాస దగ్గరికి వెళ్లారు. "తోక పొడుగ్గా కావాలి," అని యసవతి, "తేలిగ్గా కావాలి, మొయ్యాల్సింది నేను," అని నిరోషా ఆయన్ను నిలవనీయలేదు. యసవతి చేతులు పైకెత్తి ఎక్కువసేపు ఉంచలేదు కాబట్టి తాళ్లు నిరోషా పట్టాలని తేల్చుకున్నారు. పట్టడం నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో వాళ్లు జీవితంలో ఎన్నడూ పోట్లాడనంతగా పోట్లాడుకున్నారు. "అది ఉడుమే, బకెట్ కాదు, అలా చేదకు," అనేది తల్లి. "నీ నోటికి తాళ్లు లేవు కాబట్టి సరిపోయింది," అనేది కూతురు.

ఆదివారాలు పిల్లలకు బౌద్ధం చెప్పే ధర్మబడి హాల్లో తొలి ఆట పెట్టారు. పిల్లలు ముందు చాప మీద కూర్చున్నారు. వాళ్ల తల్లిదండ్రులు గోడల వెంట నిలబడి, పిల్లలకంటే ముందే నవ్వారు. పెరుగు ముంత ఆయనకు ఎవరు చెప్పారో, కలుతర నుంచి భార్యను వెంటబెట్టుకు వచ్చాడు.

ఇప్పుడు నెలకోసారి తీరం వెంట ఏదో ఒక బడిలో ఆట ఉంటోంది. యూనిఫాంల కుట్టుపనీ మానలేదు. మొన్న హిక్కడువలో ఆడుతుండగా అంతవరకూ తాళ్లే తప్ప గొంతు కలపని నిరోషా, తెర వెనుక ఎవరూ చెప్పకుండానే, రెండో చేత్తో పీత బొమ్మను పైకెత్తి కీచుగొంతుతో తికిరిని నిలదీసింది: "ఓరి సోమరీ, నా కన్నం ముందు పడుకున్నావేంరా? అద్దె కడతావా?"

పిల్లలు పగలబడి నవ్వారు. తికిరిగా జవాబు చెప్పాల్సింది యసవతి. ఆమె కూతురి వైపు తిరిగి, ఆ కొత్త గొంతు ఇంకా వినాలన్నట్టు కూర్చుండిపోయింది. నిరోషా మోచేత్తో పొడిచి, "నీ వంతు, మాట్లాడు," అంది.