తడి సీసం

నా చిన్నప్పుడు దేవరయాంజాల్‌లోని మా ఇంట్లో నోరు కట్టేసుకుని చేసే పని ఒక్కటే ఉండేది, సీసం కరగబెట్టడం. మా తాతయ్య దగ్గర వాళ్ల నాయన కాలం నాటి పిస్తోలు ఉండేది. లైసెన్సు ఉంది గానీ, ఆ కొలత తూటాలు బజారులో దొరకడం ఎప్పుడో మానేశాయి. అందుకని పేల్చిన తూటాల ఖాళీ తొడుగులు దాచుకుని, వాటికి సీసపు గుండ్లు తానే పోసుకునేవాడు. మక్కచేలో పందులను బెదరగొట్టడానికి అనేవాడు. ఆ పిస్తోలు మీద ఆయనకున్న మోజు ముందు పందులెంత!

పెరట్లో చిన్న పొయ్యి, ఇనుప మూకుడు, అచ్చు. గుండు పిస్తోలు గొట్టంలో సాఫీగా జారేందుకు, చల్లారిన గుండ్ల గాడుల్లో తేనెమైనం, నూనె కలిపి రాయడం నా పని. తర్వాత అవ్వ నా చేతులు రుద్ది రుద్ది కడిగించేది. తాతయ్య షరతు ఒకటే. సీసం కరిగాక ఎవరూ మాట్లాడకూడదు, చేయి కదులుతుందట.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒకసారి ఆయన అల్వాల్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి సీసపు గొట్టం ముక్కలు తెచ్చాడు. మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. మెచ్చుకుంటాడని నేను వాటిని బోరింగు కింద తళతళలాడేలా కడిగి, పైపైన తుడిచి గంపలో పెట్టాను. ఆదివారం పొద్దున మూకుట్లో పాత సీసం కరిగింది. ఆయన గంపలోంచి ఒక ముక్కను పట్టకారుతో ఎత్తాడు. దాని అంచున నీటిచుక్క మెరిసింది.

కరిగిన సీసానికీ నీళ్లకూ పాము ముంగిసల వైరమని ఆయన వందసార్లు చెప్పి ఉన్నాడు. కానీ నోరు విప్పితే మాట్లాడినందుకు ఒక తిట్టు, కడిగినందుకు ఇంకో తిట్టు. ఆ రెండు తిట్లే తలచుకుంటూ కూర్చున్నాను. ముక్క మూకుట్లో పడింది.

ఢామ్మని పేలింది. వేడి సీసం గోడకూ నేలకూ చిమ్మింది. తాతయ్య మొహం కప్పుకుని వెనక్కి పడ్డాడు. ఆయన చేతులు తీశాక చూస్తే, కళ్లద్దం మీద, సరిగ్గా కుడి కంటికి ఎదురుగా, శనగగింజంత సీసం అంటుకుని ఉంది.

ఆయన నన్ను కొట్టలేదు. ముందు పొయ్యిలో కట్టెలు బయటికి లాగాడు. తర్వాత, “ఎన్ని కడిగినవ్ బిడ్డా?” అని అడిగాడు.

“అన్నీ తాతా. సుక్క గూడ సూసిన. తిడ్తవని జెప్పలే.”

“మాట్లాడొద్దన్నది ముచ్చట్లు బిడ్డా. గిసొంటిది గట్టిగ ఒర్లి జెప్పాలె” అన్నాడు. అంతలో అవ్వ పరుగెత్తుకొచ్చి ఏమైందని గుండెలు బాదుకుంటే, “నాదే తప్పు, సూడకుంట ఏసిన” అన్నాడు. అప్పుడు ఏడ్చాను నేను, వెక్కి వెక్కి.

ముక్కలు వారం రోజులు ఎండలో పెట్టాం. మళ్లీ పొయ్యి వెలిగించిన రోజు నన్ను దగ్గరికి రానివ్వడనుకున్నాను. ఆయనే పిలిచి, ప్రతి ముక్కనూ నా చేతికిచ్చి చూడమన్నాడు. మూకుడు మీద పట్టకారు ఆపి నా వైపు చూశాడు. నేను “ఎండింది తాతా” అనేదాకా ఆ చేయి కిందికి దిగలేదు.

తాతయ్య పోయాక పిస్తోలు ఠాణాలో అప్పజెప్పాం. మక్కచేలో ఇప్పుడు విల్లాలు లేచాయి. నాది నోటి దురుసని మా ఇంట్లో అందరికీ తెలుసు, నేనూ ఒప్పుకుంటాను. అయినా ఎవరైనా తప్పు చేసి నా ముందు తటపటాయిస్తూ నిలబడితే, పళ్లు బిగబట్టి ముందు చెప్పనిస్తాను. తిట్టుకు భయపడి నేను నోరు మూసుకున్నది ఒక్క క్షణమే. ఆ క్షణానికి మా తాతయ్య కన్ను పోవలసింది.