మాట అందించేవాడు

నాటకాల్లో మాట అందించడం ఆయన పని. పగలు పోస్టాఫీసులో స్టాంపులు అమ్ముతాడు. సాయంత్రం పక్కతెర వెనక ముక్కాలిపీట మీద కూర్చుని, నటుడు తడబడగానే తర్వాతి మాట చెవిన వేస్తాడు. ముప్పయ్యేళ్లుగా ఇదే వరస.

ఈసారి నాటకం ఒక రౌడీది. కూరగాయల అంగట్లో జులుం చేసేవాడు ఒక్కొక్కరినీ తొక్కుకుంటూ పోయి చివరికి ఊరంతటికీ పెద్దవుతాడు. జనం నవ్వాలని, నవ్వి సిగ్గుపడాలని రాసిన నాటకం. మొదటి ఆటకి బాగానే నవ్వారు. రెండో ఆటకి ఈలలు వేశారు. దాంతో రౌడీ వేషం కట్టిన బీమా గుమాస్తాకి కొమ్ములు మొలిచాయి. ఇంట్లో పిల్లిలా ఉండే మనిషి, ఎదుటివాళ్ల మాటలు మింగేసి తనవి పెంచుకోవడం మొదలెట్టాడు. పోనీ అవైనా గుర్తుంటాయా? మూడు ముక్కలకోసారి పక్కతెర వైపు చూస్తాడు. పొగరేమో వాడిది, జ్ఞాపకం ఈయనది. ఖర్మ కాకపోతే ఏమిటి.

రౌడీ చంపించిన కొట్టువాడి భార్య నాటకం చివర్లో, వాడు ప్రసంగించే సభలోకి వచ్చి వాణ్ణి నిలదీస్తుంది. ఆ ఐదు నిమిషాల వేషం ఈయన భార్యది. ఇరవై ఏళ్ల తర్వాత దొరికిన వేషమని బట్టలు ఆరేస్తూ కూడా వల్లె వేసుకుంది. గుమాస్తాకి మాత్రం ఆ ఏడుపుతో చప్పట్లు చల్లబడుతున్నాయట, అది తీసేసి తన ప్రసంగం పొడిగించాలట. మూడో ఆట నాడు అలా తేల్చేసి, పొడిగింపు రాసిన కాగితం ఈయన చేతిలో పెట్టాడు. దర్శకుడు నసిగి ఊరుకున్నాడు. నసగడం తప్ప ఆయనకి చేతనైందేముంది?

"నేను నోరు మూసుకుంటే వాడికి నోరే లేదు," అని భార్యకి ధైర్యం చెప్పాడు ఈయన. "వాడు ఆగగానే నువ్వు వచ్చెయ్."

ఆమె నమ్మింది. తయారై అవతలి పక్కతెర దగ్గర నిలబడింది.

అనుకున్నట్టే ప్రసంగం మధ్యలో గుమాస్తా ఆగిపోయాడు. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. అతను ఈయన వైపు తిరిగి, రౌడీ గొంతుతోనే "ఊఁ" అన్నాడు.

"ఇక ఈ ఊరు నాది," అని అందించేశాడు ఈయన. అన్నది తన నోరేనని అన్నాక గానీ తెలియలేదు. ముప్పయ్యేళ్ల పాడు అలవాటు. ఈలలు మోగాయి. తర్వాతి మాటా అందించాడు, ఆ తర్వాతిదీ. కాగితం అయిపోయేదాకా ఆగలేకపోయాడు.

తెర దిగాక భార్య దగ్గరికి వెళ్లి, అలవాటు మీద జరిగిపోయిందని గొణిగాడు. ఆమె రంగు తుడుచుకుంటూ ఆయన వైపు చూడలేదు.

"వాడు అడగనైనా లేదండీ," అంది. "ఊఁ అన్నాడు, అంతే."